జీపులో ఒక్క చోటు

హాలిఫాక్స్,
జనవరి 14, 2025

నా ప్రియమైన దయామణీ,

నీ ఉత్తరమూ స్వెటరూ రెండూ అందాయి. స్వెటర్లో నేను కాక ఇంకో మనిషి కూడా పడుతుంది. ఎనభై నాలుగేళ్ళొచ్చాక మనిషి తరుగుతుందే గాని పెరగదని డాక్టరువి, నీకు నేను చెప్పాలా?

ఇక్కడ మంచు విడవకుండా కురుస్తోంది. కిటికీలోంచి హార్బరు మీద ఫెర్రీ వెళ్ళడం కనిపిస్తుంది, దాని కూత మాత్రం నాకు వినపడదు. ఫోనులో నువ్వు అరవడం, నేను "ఆఁ?" అనడం మానేసి మళ్ళీ ఉత్తరాల్లో పడ్డాం కదా, నాకిదే హాయిగా ఉంది. ఈ హోములో నూట ఇరవై మందిమి ఉన్నాం. పనిచేసేవాళ్ళతో సహా తెలుగు అక్షరం తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. నర్సమ్మాయి నా రాత చూసి "బొమ్మలు వేస్తున్నావా?" అని అడిగింది. అవునన్నాను.

మార్కమ్‌లో మీ తెలుగు సంఘం సొంత హాలు కొనుక్కుందని రాశావు, చాలా సంతోషం. స్కూలు జిమ్ముల్లో అద్దెకి ఆరాధన జరుపుకున్న పద్దెనిమిదేళ్ళూ ఒక ఎత్తు, సొంత గోడలు ఒక ఎత్తు. కాని దానికి "ఎడ్నా కార్కమ్ హాలు" అని పేరు పెడుతున్నారని చదివి ముందు నవ్వాను. తరవాత నవ్వడం మానేశాను.

నిన్న పాత పెట్టె తీయించాను. రేవుపాలెం ఫొటో దొరికింది. నీకు తెలుసు, నువ్వు ఫ్రేము కట్టించుకుని క్లినిక్కులో పెట్టుకున్న ఫొటోయే. ఉప్పెన తరవాత చర్చి డాబా మీద మన ఆసుపత్రి రోగులు పదకొండుమంది, మధ్యలో అరువు తెచ్చుకున్న చీరలో నేను. ఎన్నేళ్ళుగానో ఆ ఫొటోలో ఉన్నవాళ్ళనే చూశాను. నిన్న మాత్రం అందులో లేని మనిషి కోసం చూశాను.

ఆ పేరు విషయం నీతో మాట్లాడాలి. తొందరపడి బోర్డు రాయించకండి.

నీకు ఎప్పుడూ మేలు కోరే
ఎడ్నమ్మ

*

మార్కమ్,
ఫిబ్రవరి 3

పూజ్యులైన అమ్మగారికి,

వందనాలు. స్వెటరు మార్చి చిన్నది పంపిస్తున్నాను. మీరు సరిగ్గా తినడం లేదని నాకు అనుమానం. హోము వాళ్ళకి ఈమెయిల్ పెట్టాను.

బోర్డు ఆర్డర్ ఇచ్చేశారమ్మగారూ. నల్ల రాయి మీద బంగారు అక్షరాలు, పైన తెలుగు, కింద ఇంగ్లీషు. పాస్టర్ ఆశీర్వాదం గారు స్వయంగా డిజైన్ చూశారు. మే 24 శనివారం ఓపెనింగ్. మీరు తప్పకుండా రావాలి. నేనే హాలిఫాక్స్ వచ్చి ఫ్లైట్‌లో దగ్గరుండి తీసుకొస్తాను. వీల్‌చెయిర్ బుక్ చేస్తాను, మీకే ఇబ్బందీ ఉండదు. స్టేజి మీద రెండు మాటలు చెబితే చాలు.

మీరు మొహమాటపడతారని నాకు తెలుసు. పొగిడితే మీకు మొదట్నించీ గిట్టదు. కాని ఇది మీకోసం కాదు, మా కోసం. ఇరవై నాలుగేళ్ళ వయసులో అన్నీ వదులుకుని సముద్రం ఒడ్డున ఆ కుగ్రామానికి వచ్చారు. పెళ్ళి చేసుకోలేదు. ఎవరూ ముట్టుకోని రోగులకి పుళ్ళు కడిగారు. ఎవరూ లేని నన్ను కెనడా తీసుకొచ్చి, చదివించి, డాక్టర్ని చేశారు. మా సంఘంలో ఇప్పుడు సగం మంది స్టూడెంట్లు. పొద్దున కాలేజీ, సాయంత్రం వేర్‌హౌసుల్లో పని, ఒక బేస్‌మెంట్లో ఆరుగురు ఉంటారు. వాళ్ళకి చెప్పుకోడానికి ఒక మనిషి కావాలి.

ఓపెనింగ్‌కి ఒక చిన్న పుస్తకం వేస్తున్నాం. మీ జీవితం నేనే రాశాను. కాపీ ఇందులో పెట్టాను. చదివి ఆశీర్వదించండి.

మీ కూతురు,
దయామణి

*

హాలిఫాక్స్,
ఫిబ్రవరి 20

ప్రియమైన దయామణీ,

నీ పుస్తకం మూడుసార్లు చదివాను. బాగా రాశావు. ఆ పుస్తకంలో ఉన్న ఎడ్నా కార్కమ్ అనే ఆవిడ నాకు పరిచయమైతే కాళ్ళకి దణ్ణం పెట్టేదాన్ని.

"మిషను వారు వెళ్ళిపొమ్మని కబురు పంపినా, నా రోగులను విడిచి రానని అమ్మగారు నిరాకరించారు. ఒక్కొక్కరినీ భుజాన వేసుకుని డాబా మీదికి చేర్చారు." ఇది నీ వాక్యం. నేను నిరాకరించలేదు దయామణీ. ఆ శనివారం పొద్దున తుఫాను కబురు రాగానే జీపు తీశాను. ఆ సంగతి నాకూ తెలుసు, నీకూ తెలుసు. అదే జీపులో నా పక్కన కూర్చున్నది నువ్వే కదా.

తెలియనిది మీ సంఘానికి. అందుకని వాళ్ళకి చెప్పవలసిన విధంగా ఒకసారి రాస్తాను, విను.

జీపు వెనక భాగంలో కొత్త ఎక్స్‌రే యంత్రం పెట్టె ఉంది. ఇక్కడి చర్చి ఆడవాళ్ళు అల్లికలు అమ్మి, కేకులు అమ్మి, నాలుగేళ్ళు కూడబెట్టి పంపిన యంత్రం. అది సముద్రంలో పోతే వాళ్ళకి ఏమని రాయను అనుకున్నాను. నలుగురు మగవాళ్ళు మోసి ఎక్కించారు. అది దింపితే ఎనిమిదిమంది రోగులు పట్టేవాళ్ళు. రెండు విడతలుగా అందరూ దాటిపోయేవాళ్ళు. నేను ముందు పెట్టెని పై ఊరికి దాటించి మళ్ళీ వస్తానని చెప్పి వెళ్ళాను. మధ్యాహ్నానికి రోడ్డు తెగిపోయింది.

వార్డులో మిగిలిన పన్నెండుమందితో ఉండిపోయింది మీ అమ్మ ఈశ్వరమ్మ. ఆమె నర్సు కాదు. ఇంటింటికీ తిరిగి వాక్యం చదివి చెప్పే బైబిలు స్త్రీ, మిగతా వేళల్లో వార్డు కడిగే మనిషి. మొదట డాబా మీదికి మోసింది ఏమిటో తెలుసా? చర్చిలోని గుప్పెడు బియ్యం డబ్బా. మన పాలెం ఆడవాళ్ళు ఎసట్లో బియ్యం పోసేముందు గుప్పెడు తీసి దేవుడికని పక్కన పెట్టేవారు, ఆదివారం తెచ్చి ఆ డబ్బాలో పోసేవారు. "పైకి పోయాక ఏం తింటారు మీరు?" అందట మీ అమ్మ. తరవాత మనుషుల్ని మోసింది. పదకొండుమంది మూడు రోజులు ఆ నానిన బియ్యమే తిని బతికారు. ఇదంతా వీరభద్రం నాకు చెప్పాడు. వేళ్ళు లేని చేతులతో తినలేడు కాబట్టి అతనికి మీ అమ్మే మొదటి గుప్పెడు నోట్లో పెట్టి దిగిందట.

పన్నెండో మనిషి కోసం దిగింది. మళ్ళీ ఎక్కలేదు.

నేను నాలుగో రోజు పడవలో వచ్చాను. పత్రికాయన డాబా మీద నిలబెట్టి ఫొటో తీశాడు. కింద ఏం రాస్తాడో నేను అడగలేదు. రెండు నెలలకి ఇక్కడి మిషను పత్రిక వచ్చింది, "తన రోగులతో మన ధీర నర్సు" అని. కాదని ఒక్క ఉత్తరం ముక్క రాస్తే సరిపోయేది. ఆసుపత్రి మళ్ళీ కట్టాలి, దిద్దితే పంపేవాళ్ళు పంపరేమో అనుకున్నాను. రేపు రాద్దాం, రేపు రాద్దాం అనుకుంటూ నలభై ఏడేళ్ళు గడిపాను.

ఎక్స్‌రే యంత్రం సంగతి నీ పుస్తకంలో లేదు. అది ఊళ్ళో షెడ్డులో కరెంటు చాలక ఒక్కరోజు కూడా పనిచెయ్యలేదు.

ఇంకొకటి. గుప్పెడు బియ్యం ఆనవాయితీ "అమ్మగారు నేర్పారు" అని రాశావు. నాకు అన్నం వండడమే రాదు, తల్లీ.

హాలుకి ఈశ్వరమ్మ పేరు పెట్టండి. రాయి మళ్ళీ చెక్కించవచ్చు.

ఎడ్నమ్మ

*

మార్కమ్,
మార్చి 11

పూజ్యులైన అమ్మగారికి,

వందనాలు. ఉత్తరం చదివి చాలా బాధపడ్డాను.

మీరు చెప్పినవి నిజం కావని నేను అనడం లేదు. కాని ఎవరికి ఉపయోగం? ఆ కథ నేను సండే స్కూల్లో పదిహేనేళ్ళుగా చెబుతున్నాను. కిందటేడు హర్షిణి అని ఒక అమ్మాయి చదువు మానేసి ఇండియా వెళ్ళిపోతానని టికెట్ కూడా కొనుక్కుంది. ఆ కథ విని ఏడ్చి, టికెట్ క్యాన్సిల్ చేసుకుంది. ఇప్పుడు ఆ పిల్లని పిలిచి, అమ్మగారు జీపెక్కి వెళ్ళిపోయారమ్మా అని చెప్పనా?

అమ్మ పేరు పెట్టమంటున్నారు. మీకు ఈ దేశంలో మా వాళ్ళ సంగతి తెలియదు. కెనడా వచ్చినా మొదటి ప్రశ్న "మీదే ఊరు?", రెండోది "అక్కడ ఎక్కడ?" చర్చిలో కూడా. నేను ఎడ్నా కార్కమ్ గారి పెంపుడు కూతుర్ని అని చెప్పగానే రెండో ప్రశ్న ఆగిపోతుంది. మా అమ్మ వార్డులో బెడ్‌పాన్లు కడిగేదని నల్ల రాయి మీద బంగారు అక్షరాలతో రాయించి, ఆ ప్రశ్న మళ్ళీ మొదలుపెట్టించమంటారా? మీరు తెల్లవారు. మీకు వినయం ఒక అలంకారం అవుతుంది. మాకు అలా కాదు.

అమ్మ జ్వరంతో పోయిందని నేను అందరికీ చెప్పాను. నా భర్తకి కూడా అదే చెప్పాను. ఆయన అదే నమ్మి పోయారు.

ఒక డాక్టరుగా కూడా చెబుతున్నాను. ఈ వయసులో జ్ఞాపకాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. అపరాధ భావం ఎక్కువవుతుంది. నిద్ర సరిగ్గా పడుతోందా? ఈ విషయం గురించి ఎక్కువ ఆలోచించకండి.

మీ కూతురు,
దయామణి

*

హాలిఫాక్స్,
మార్చి 28

దయామణీ,

నిద్ర బ్రహ్మాండంగా పడుతోంది. జ్ఞాపకాలు కూడా కలవడం లేదు. కలిస్తే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను.

మీ వాళ్ళ సంగతి నాకు తెలియదన్నావు. ఆ మాట ఒప్పుకుంటాను. పదిహేనేళ్ళు ఆ పేటలో ఉండి కూడా, మీ అమ్మ బావి దగ్గర బిందె పట్టుకుని ఎందుకు అంతసేపు నిలబడుతుందో మూడేళ్ళ దాకా నాకు అర్థం కాలేదు. తోడిపెట్టేవాళ్ళ కోసం నిలబడేది. నేను బద్ధకం అనుకున్నాను. ఒకసారి కేకలేశాను కూడా.

బాప్తిస్మం నాడు పేరు మార్చుకోమని అప్పటి పాస్టరు పట్టుబట్టాడు, మార్త అని పెడదామన్నాడు. "దేవుడు ఈశ్వరమ్మా అని పిల్చినా పలుకుతానండి" అంది. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు, పేరూ మార్చుకోలేదు. అంత గట్టిగా నిలబెట్టుకున్న పేరుని చెరిపినవాళ్ళం నువ్వూ నేనూ ఇద్దరమే.

హర్షిణికి ఏం చెప్పాలని అడిగావు. రోజు కూలికి వార్డు కడిగే ఒక మనిషి, చదువు అంతంత మాత్రం, ఎవరూ ఉండమని అడగలేదు, ఎవరూ చూడటం లేదు, అయినా ఉండిపోయింది అని చెప్పు. వేర్‌హౌసులో పెట్టెలు మోసే పిల్లకి అది నాకంటే బాగా అర్థమవుతుంది.

నేను మేలో వస్తాను. స్టేజి మీద రెండు మాటలు చెప్పమన్నావు, చెబుతాను. ఆ రెండు మాటలేమిటో ఇప్పుడు నీకు తెలుసు.

భయపడకు. నా సంగతి మాత్రమే చెబుతాను. జీపులో నీ సంగతి చెప్పను. అది ఎవరికి చెప్పాలన్నా నువ్వే చెప్పుకోవాలి.

ప్రతి ఉత్తరం కిందా "మీ కూతురు" అని రాస్తావు. నాకు ఎంత ఇష్టంగా ఉంటుందో చెప్పలేను. కాని నువ్వు నా కూతురివి కావు. ఈశ్వరమ్మ కూతురివి.

ఎడ్నమ్మ

*

మార్కమ్,
ఏప్రిల్ 12

అమ్మగారూ,

"జీపులో నీ సంగతి" అని రాశారు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ మాట మీ నోట రాలేదు. మీకు గుర్తులేదనుకున్నాను. గుర్తులేదనుకునే బతికాను.

సరే, చెబుతాను. ఎలాగూ మీకు తెలిసిందే.

ముందు సీటులో ఒక్క చోటు ఉంది. నేను పొద్దున్నే ఎక్కి కూర్చున్నాను, ఊరు చూడొచ్చని. అమ్మ వార్డులోంచి కాంతాన్ని చంకల కింద పట్టుకుని ఈడ్చుకుంటూ తెచ్చింది. కాంతానికి తుంటి నుంచి పాదం దాకా పిండికట్టు. మెట్లెక్కలేదు, నడవలేదు. అమ్మ "దిగవే, కాంతాన్ని కూచోబెట్టాలి. నువ్వు కాళ్ళున్న దానివి" అంది. నేను దిగలేదు. అద్దం దగ్గరున్న ఇనప కడ్డీ పట్టుకున్నాను. అమ్మ నా వేళ్ళు విడదీసింది. నేను కొరికాను, అమ్మగారూ. అమ్మ చెయ్యి కొరికాను. అప్పుడు మీరు "ఉండనీ ఈశ్వరమ్మా, మళ్ళీ వచ్చి కాంతాన్ని తీసుకెళ్తాను" అని బండి స్టార్ట్ చేశారు. అమ్మ చెయ్యి చూసుకుంటూ నిలబడింది. అదే ఆఖరిసారి చూడటం.

పన్నెండో మనిషి కాంతం. అమ్మ ఆఖరికి దిగింది కాంతం కోసం. ఇద్దరూ దొరికినప్పుడు కాంతం అమ్మ వీపుకి చీరతో కట్టేసి ఉందని ఊళ్ళో ఆడవాళ్ళు చెప్పుకుంటుంటే తలుపు వెనక నిలబడి విన్నాను. నేను దిగి ఉంటే కాంతం బతికేది. కాంతం జీపులో ఉంటే అమ్మ కిందికి దిగేది కాదు. ఇది లెక్క కట్టడానికి మెడిసిన్ చదవక్కర్లేదు.

అమ్మ పేరు ఆ రాయి మీద ఉంటే ప్రతి ఆదివారం నేను దాని కిందినుంచి లోపలికి వెళ్ళాలి. ఎవరో ఒకరు అడుగుతారు, "అప్పుడు మీరెక్కడున్నారు ఆంటీ?" అని. మీ పేరు ఉంటే ఆ ప్రశ్న ఉండదు.

ఒప్పుకుని మీరు తేలికపడతారు. మీకు ఎనభై నాలుగు. నాకు యాభై ఎనిమిది. నేను ఇంకా ఎన్నేళ్ళు ఆ గుమ్మం దాటాలి?

రాకండి. దయచేసి రాకండి.

దయామణి

*

హాలిఫాక్స్,
ఏప్రిల్ 25

నా బంగారు తల్లీ,

నీ ఉత్తరం పట్టుకుని చాలాసేపు ఏడ్చాను. నర్సమ్మాయి వచ్చి ఎవరైనా పోయారా అని అడిగింది. ఎప్పుడో పోయారని చెప్పాను.

నీకు పదకొండేళ్ళు. పదకొండేళ్ళ పిల్ల జీపు దిగనంటుంది, కొరుకుతుంది. పిల్లలు చేసే పనే. నాకు ముప్ఫై ఆరేళ్ళు, చేతిలో స్టీరింగు ఉంది. వెనక పెట్టె దింపి ఉంటే నువ్వూ కాంతమూ మీ అమ్మా ముగ్గురూ ఎక్కేవాళ్ళు. నీ లెక్కలో ఆ పెట్టె లేదు, చూడు. నలభై ఏడేళ్ళూ దాన్ని కలపకుండానే కూడుకున్నావు. ఇది నీకు అప్పుడే చెప్పవలసింది. నేను ధీర నర్సునైపోయాక నీకు చెప్పడానికి నోరెక్కడిది? నా అబద్ధం కింద నువ్వు నలిగావు. ఇది నా పాపాలన్నిటిలోకీ పెద్దది.

అందుకే వస్తాను. నన్ను నేను తేలికపరచుకోవడానికి కాదు. నువ్వు ఆ గుమ్మం కింద తలెత్తుకుని నడవాలని. అందరి ముందూ పెట్టె సంగతి చెబుతాను. అది విన్నాక నిన్ను ఎవరూ ఏమీ అడగరు.

టికెట్టు క్యాన్సిల్ చేయకు. చేసినా రైలెక్కి వస్తాను, నా మొండితనం నీకు తెలుసు.

ఎడ్నమ్మ

*

హాలిఫాక్స్,
జూన్ 19

దయామణీ,

ఈ ఉత్తరం కొత్త గదిలోంచి రాస్తున్నాను. మూడో అంతస్తు. కిటికీ పార్కింగ్ వైపు ఉంది, ఫెర్రీ కనపడదు. తలుపు దగ్గర నంబర్లు నొక్కితేనే తెరుచుకుంటుంది, ఆ నంబరు మాకు చెప్పరు. నా పక్క గది ఆవిడ రోజంతా నన్ను తన చెల్లెలనుకుంటుంది. నేను కూడా ఆవిణ్ణి అక్కా అంటున్నాను.

హాలు బాగుంది. కొత్త రంగు వాసన, వెనకనుంచి బిర్యానీ వాసన. గుమ్మం పక్కన గుప్పెడు బియ్యం డబ్బా, దాని మీద నా పేరు. పిల్లలు నా మెడలో వేసిన దండ బరువుకి మెడ నొప్పి పుట్టింది. నువ్వు నా చీర కుచ్చిళ్ళు సర్దావు.

నేను లేచి నిలబడి "ఆ డాబా మీద నేను లేను" అన్నాను. నా మొహమాటం తెలుగు కాదు, మీ పాలెం తెలుగులోనే, అందరికీ అర్థమయ్యేటట్టే అన్నాను. "నేను పెట్టెను ఎక్కించుకుని వెళ్ళిపోయాను. ఉండిపోయింది ఈశ్వరమ్మ" అన్నాను. ముందు వరసలో ఒక అమ్మాయి తలెత్తి చూసింది. ఆ అమ్మాయే హర్షిణి అనుకుంటాను. ఇంకా చెప్పబోతుంటే నువ్వు వచ్చి నా చేతిలోంచి మైకు తీసుకున్నావు. ఎంత మెల్లగా తీసుకున్నావంటే, ఎవరైనా చూస్తే ప్రేమే అనుకుంటారు.

నువ్వేమన్నావో నాకు వినపడలేదు. నీ పెదవులు చూసి కొంత, తరవాత నా పక్కనున్న వాళ్ళు కాగితం మీద రాసి చూపిస్తే మిగతాది తెలిసింది. "అమ్మగారికి ఏడాదిగా మతిమరుపు. తన త్యాగాన్ని తనే మరిచిపోయారు. చూడండి, మరుపులో కూడా గొప్ప ఇంకొకరికే ఇస్తున్నారు." అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. ఆశీర్వాదం గారు నా తల మీద చెయ్యి పెట్టి నా స్వస్థత కోసం ప్రార్థన చేశారు. యాభై ఏళ్ళలో నేను చెప్పిన ఒక్క నిజం నన్ను ఇంకా పెద్ద పుణ్యాత్మురాల్ని చేసి కూర్చోబెట్టింది.

అంతటితో ఆగి ఉంటే నేనూ ఊరుకునేదాన్ని. తిరిగొచ్చిన వారానికి హోము వాళ్ళు నన్ను గడియారం బొమ్మ గీయమన్నారు. గీశాను. ముళ్ళు పదకొండూ పది దగ్గర పెట్టమన్నారు, పెట్టాను. అయిదు మాటలు గుర్తుపెట్టుకోమన్నారు, అయిదూ చెప్పాను. అయినా ఫైల్లో కుటుంబం నుంచి ఉత్తరం ఉందట. "లేనిది జరిగినట్టు చెబుతోంది, ఒంటరిగా బయటికి పంపవద్దు, ఎవరికీ ఉత్తరాలు పంపనివ్వవద్దు, నాకు తప్ప" అని డాక్టర్ దయామణి రాసిందట. పవర్ ఆఫ్ అటార్నీ కాగితాల మీద ఆరేళ్ళ క్రితం నీ పేరు రాసింది నేనే. నాకు ఇంకెవరున్నారు?

నా మతి పోయిందన్నావు కదా. అయితే ఇది చూడు. తలుపు దగ్గర్నుంచి మంచాల వరసలో: వీరభద్రం, పేరయ్య, లాజరు, గుడ్డి సోమమ్మ, సరోజన, యాకోబు తాత, చిన్న నాగులు, పెద్ద నాగులు, బోడెమ్మ, సారమ్మ, అప్పలస్వామి. పన్నెండో మంచం కాంతం. వార్డు చివర గోడవార చాప మీద పడుకునేది ఈశ్వరమ్మ, ఆమె పక్కన నువ్వు. ఎక్కడైనా తప్పుంటే దిద్ది పంపు.

నువ్వు నన్ను ఇక్కడ పెట్టినందుకు కోపం ఉంది. చాలా ఉంది. ప్రభువు క్షమించమన్నాడని నోటితో అనగలను గాని, చెయ్యలేకపోతున్నాను. పన్నెండుమందిని వదిలి వెళ్ళిన నాకు ఒక గదిలో బంధించి ఉంచడం న్యాయమేనేమో. కాని ఆ న్యాయం చేసే హక్కు మీ అమ్మది. నీది కాదు.

ఎడ్నా

*

మార్కమ్,
జూలై 8

అమ్మగారూ,

ఉత్తరం అందింది. పేర్లు చూశాను. ఒక్క తప్పూ లేదు. సరోజన మంచం కిందే నా పలక దాచుకునేదాన్ని.

మీకు మతిమరుపు లేదని నాకు తెలుసు. తెలిసే చెప్పాను. మైకు తీసుకునేదాకా అలా అంటానని నాకు తెలియదు. ఆ తరవాత ఉత్తరం రాసింది మాత్రం కూర్చుని, ఆలోచించి, రెండుసార్లు దిద్ది రాశాను.

బోర్డు అలాగే ఉంది. పేరు మీదే. హర్షిణి మొన్న ఆదివారం నా దగ్గరికి వచ్చి, "ఆంటీ, అమ్మగారు చెప్పిన ఈశ్వరమ్మ ఎవరు?" అని అడిగింది. ఎవరో ఆయా అయి ఉంటుందని చెప్పాను. ఆ అమ్మాయి "పాపం" అంది. తరవాత సంచిలోంచి గుప్పెడు బియ్యం తీసి డబ్బాలో వేసి, "మీరు ఎప్పుడూ వెయ్యరేం?" అంది. నాకు చెయ్యి రాదు. ఆ బియ్యం ముట్టుకుంటే అమ్మ చేతి మీద నా పళ్ళ గాట్లు కనిపిస్తాయి.

మిమ్మల్ని మూడో అంతస్తునుంచి దింపించాలంటే ఒక్క కాగితం చాలు. నేను రాసింది అబద్ధమని రాసి సంతకం పెట్టాలి. టేబుల్ మీద పెట్టుకుని మూడు ఆదివారాలుగా కూర్చుంటున్నాను. సంతకం పెట్టలేదు. పెడతానని కూడా మీకు మాట ఇవ్వలేను. దిగమంటే దిగడం నాకు పదకొండేళ్ళప్పుడే చేతకాలేదు.

పెట్టె సంగతి రాశారు. నా లెక్కలో అది లేదన్నారు. ఆ మాట నాకు ఇరవై ఏళ్ళప్పుడు చెప్పి ఉంటే నేను ఇంకోలా ఉండేదాన్నేమో. ఇప్పుడు ఎవరెవరి తప్పు ఎంతో కూడుకునే ఓపిక లేదు. మీరూ వదిలి వెళ్ళారు, నేనూ వదిలి వెళ్ళాను. ఉండిపోయిన మనిషి పేరు చెప్పడానికి మీకు ఇన్నేళ్ళు పట్టింది. నాకు ఎంత పడుతుందో తెలియదు.

కాగితాలూ పెన్నులూ పంపిస్తున్నాను. మీకు రాయాలనిపించిందల్లా రాయండి. అక్కడ ఎవరికీ తెలుగు రాదు, బొమ్మలనుకుంటారు. నాకు తప్ప ఎవరికీ అందవు. అమ్మ గురించి రాయండి. బావి దగ్గర ఎలా నిలబడేదో, ఏం పాడేదో, నన్ను ఏమని పిలిచేదో. నాకు మొహం గుర్తు రావడం లేదు. చెయ్యే గుర్తొస్తోంది.

ఇట్లు,
ఈశ్వరమ్మ కూతురు
దయామణి